తలుపుకు ఎర్ర గుడ్డ

ఆరోగ్య ఇన్‌స్పెక్టరుగారికి తనవాళ్లు, పైవాళ్లు అన్న తేడా లేదు. అంటుజబ్బని కబురందితే చాలు, ఆ ఇంటి గడియకు ఎర్ర గుడ్డ కట్టేవారు. ఇక లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు లోపలికి పోకూడదు. ఎదురింటి వియ్యంకుడి తలుపుకీ కట్టారు; ఆ పెద్దమనిషి అప్పట్నుంచి మాట్లాడటం మానేశాడు.

ఒకరోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరుగారి చెంపలే బంతుల్లా ఉబ్బాయి. గవదబిళ్లలు. వెంటనే చొక్కా తొడుక్కుని బయటికొచ్చి, తలుపు మూసి, తన ఇంటికే గుడ్డ బిగించి కట్టారు. తాను బయటే ఉండిపోయిన సంగతి అప్పుడుగాని తెలియలేదు.

భార్య కిటికీలోంచి చూసింది. "లోపలికి రండి."

"గుడ్డ ఉండగా ఎలా వస్తానే?"

"పోనీ విప్పండి."

"రోగికి నయమయ్యేదాకా విప్పకూడదు."

"రోగి అరుగు మీదుంటే ఇంటికెందుకండీ గుడ్డ?"

ఎదురుగా వియ్యంకుడు కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు.

చివరికి ఆవిడే తలుపు తీసి, ముడి విప్పి, ఆ గుడ్డనే ఆయన దవడల కిందనుంచి నడినెత్తి మీదికి లాగి కట్టి, రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. రూలు ఒప్పుకోదని చెప్పబోయారు గానీ, కట్టు బిగిసి ఆయన నోరు తెరుచుకోలేదు.