పేలిక చూపితేనే పిల్ల

నారాయణఖేడ్‌లో చర్చి ఆవరణలోని పిల్లల బడికి గేటు ఒకటే. దానికి తాళం వేసినా వేయకపోయినా ఒకటే, ఎందుకంటే అక్కడ హన్నమ్మ ఉంటుంది. యాభై రెండేళ్ల మనిషి, ఒక్క అక్షరం చదవడం రాదు, పద్దెనిమిదేళ్లుగా ఆ బడిలో ఆయా. పొద్దున చెప్పులు గోడవారగా వరుసలో పెట్టించాలి, చేతులు కడిగించాలి, ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ఉప్మా గిన్నెలో చెయ్యి పెట్టకుండా కనిపెట్టుకుని ఉండాలి. మూడు గంటలకు ఎవరి పిల్లను వాళ్లకు అప్పగించాలి. అసలు పని అదే.

దానికి ఆమె పద్ధతి ఆమెది. పిల్ల బడిలో చేరిన రోజు పాత చీర ముక్క ఒకటి తీసుకుని వంకరటింకరగా చింపుతుంది. సగం పిల్ల సంచికి కుడుతుంది, సగం ఇంటివాళ్ల చేతిలో పెడుతుంది. తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు ఆ పేలిక చూపాలి, చిరిగిన అంచులు రెండూ కలవాలి. కంగ్టి వైపు ఊళ్ల తల్లిదండ్రులు పనికోసం పట్నం పోతారు. ఈ నెల అమ్మమ్మ వస్తుంది, వచ్చే నెల మేనమామ వస్తాడు, ఒక్కోరోజు పక్కింటి ఆటో అతను వస్తాడు. ఎవరొచ్చినా సరే, పేలిక ఉంటే పిల్ల బయటికి వస్తుంది, లేకుంటే లేదు.

ఈ జూన్‌లో బడి నడిపే చర్చి కమిటీకి ఇది నామోషీ అనిపించింది. ఫొటో కార్డులు అచ్చు వేయించి, గేటు దగ్గర చదువుకున్న మనిషిని పెట్టి, హన్నమ్మను మాన్పించాలని అనుకున్నారు. వచ్చే ఆదివారం తీర్మానం. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది సంఘ పెద్ద దశరథ్. టీచర్ జీవిత ఈ మాట చెప్పినప్పుడు హన్నమ్మ చెప్పులు సర్దుతూనే ఏడ్చింది. ఈ బడి లేకపోతే ఏం చేయాలో ఆమెకు తెలియదు.

శుక్రవారం మూడింటికి దశరథ్ స్కూటర్ మీద మనవరాలు రోజ కోసం వచ్చాడు. రోజూ వచ్చే కోడలికి జ్వరం.

"రోజను పంపు హన్నమ్మా, జల్దీ."

"పేలిక యాడున్నదన్నా?"

"నేనెవలో నీకు ఎర్కలేదా?"

"ఎందుకు ఎర్కలేదు. గని పేలిక యేది?"

"ఎల్లుండి నీ నౌకరి సంగతి తేల్చేది నేనే. గది యాదుంచుకో."

హన్నమ్మ గొళ్లెం మీది చెయ్యి మాత్రం తీయలేదు. "తేలుస్తవు గావొచ్చు. గప్పటిదాంక గీ గేటు కాడ నేనే ఉంట. పేలిక తే, పిల్లను తీస్కపో."

వెనక వరుసలో నిలబడ్డ పదిమందీ విన్నారు. దశరథ్ మొహం కందగడ్డ చేసుకుని స్కూటర్ తిప్పాడు. రోజకు ఇవేమీ పట్టలేదు. మిగిలిన ఉప్మా రెండోసారి పెట్టించుకుని తిన్నది.

ఇంటికి పోయి ఇల్లంతా వెతికినా పేలిక లేదు. చివరికి కోడలు మంచం మీంచే గుర్తుచేసింది, పొద్దున మామ స్కూటర్ తుడుచుకున్నది దేనితోనో. అది సీటు కింది డబ్బాలోనే ఉంది. అంటే పెద్దమనిషి పేలిక మీద కూర్చునే బడికి వచ్చి, పేలిక మీద కూర్చునే ఇంటికి పోయాడన్నమాట.

నాలుగింటికి ఆ జిడ్డు గుడ్డను రెండు వేళ్లతో పట్టుకొచ్చాడు. హన్నమ్మ నవ్వలేదు. రోజ సంచి మీది సగం పక్కన పెట్టి, అంచు కలిపి చూసి, గొళ్లెం తీసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. హన్నమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. తీర్మానం చదవమని పాస్టరు అయ్యగారు అడిగితే దశరథ్ లేచి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవలైనా నా మొకం జూసి పిల్లనిచ్చేటోళ్లే. గీమె ఇయ్యలే. నౌకరి పోతదని ఎర్క ఉండి గూడ ఇయ్యలే. గిసొంటి మనిషిని నేను మాన్పియ్య. గేటు కాడ హన్నమ్మనే ఉండాలె."

ఒప్పుకునేవాళ్లు చెయ్యి ఎత్తమంటే ఒక్క చెయ్యి కూడా కింద లేదు. హన్నమ్మ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చి ఒక మాట అన్నది.

"మంచిదన్నా. గని గా పేలికకు జిడ్డు వట్టింది. సబ్బువెట్టి ఉతికి తే. గట్లనే తెస్తే రేపు పిల్లనియ్య."

కమిటీ అంతా విరగబడి నవ్వింది, దశరథ్‌తో సహా.

సోమవారం మూడింటికి సంఘ పెద్ద వరుసలో ఐదోవాడు. అదే బడిలోని శరణు వాళ్ల అమ్మమ్మ కల్లమ్మ వెనక, ఉతికి ఇస్త్రీ చేసిన పేలిక పట్టుకుని నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది. హన్నమ్మ అంచూ అంచూ కలిపి, అందరివాటికంటే కాస్త ఎక్కువసేపే చూసింది. తర్వాత గొళ్లెం తీసి లోపలికి కేకేసింది.

"రోజా, మీ తాత వచ్చిండు."