అమ్మమ్మ గాలం, మావయ్య చేతిలో

1983 జూలై 14, గురువారం. పొద్దున్నే హాస్టల్ గేటు దగ్గర నాన్న కనిపించారు. ఊడ్పుల రోజుల్లో ఆయన కూలి మానుకుని అమలాపురం రావడం నేనెప్పుడూ ఎరగను. కాళ్ళకి ఇంకా బురద ఉంది. "సంచీ సర్దుకో అమ్మా. అమ్మమ్మ పోయింది" అన్నారు. ఇద్దరం బస్సెక్కి మా ఊరు వెళ్ళాం.

మిగతాది ఇంటి దగ్గర విన్నాను. ముందురోజు తెల్లారగట్ల కాలువ గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్న అమ్మమ్మ, కూర్చున్న చోటే పక్కకి ఒరిగిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. పక్కన మా చిన్నమావయ్య ఒక్కడే ఉన్నాడు. అమ్మకి తమ్ముడు. పసితనంలో వచ్చిన జ్వరం తర్వాత అతనికి వయసే పెరిగింది, బుద్ధి పెరగలేదు. జనం వచ్చేసరికి గాలం కర్ర రెండు చేతులా పట్టుకుని, నీళ్ళ మీది బెండు వైపే చూస్తున్నాడట. "అమ్మ పడుకుంది. నన్ను చూస్తా ఉండమంది" అన్నాడట.

ఇది చదివే మీలో కొందరికి గాలం వేయడం ఆదివారపు సరదా కావచ్చు. మా ఇంట్లో అది కూర. పొలాల్లో పని దొరకని నెలల్లో అమ్మమ్మ ఆ కర్రతోనే ఇంటిల్లిపాదికీ ముద్ద పెట్టింది. అందుకే గాలం సామాను దగ్గర ఆమె దేన్నీ తేలిగ్గా ఒప్పుకునేది కాదు.

అమలాపురం బజారులో ఆమెతో గాలం ముళ్ళు కొనడానికి వెళ్ళడమంటే నాకు సిగ్గుగా ఉండేది. ఒక్కో ముల్లు తీసి బొటనవేలి గోటి మీద ఆనించి లాగేది. గోటి మీద జారిపోతే పక్కన పెట్టేసేది. గుచ్చుకుని నిలిస్తే, అప్పుడు బల్ల చెక్కకి తగిలించి గుంజేది. వంపు సాగితే అదీ పనికిరాదు.

"ఏవమ్మా, పెళ్ళికూతుర్ని చూస్తన్నావా?" అన్నాడు ఒకసారి కొట్టాయన.

"పెళ్ళికూతురైతే వచ్చాకైనా నేర్చుకుంటాదండి. ముల్లు నేర్చుకోదు గదండీ" అంది అమ్మమ్మ, ఇంకో ముల్లు తీస్తూ. ఆయన నవ్వి డబ్బా మొత్తం ఆమె ముందు పెట్టేశాడు.

కర్రకి సన్న వెదురే కావాలి, కణుపులు దగ్గర దగ్గరగా ఉండాలి. పచ్చిది కొట్టి తెచ్చి, నీడలో నిలబెట్టి ఆరబెట్టేది. ఎండలో పెడితే చీలుతుందని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆరాక పొయ్యి మీద పొగ చూరే చోట కట్టి, అప్పుడప్పుడూ కొబ్బరినూనె గుడ్డతో తుడిచేది. బెండ్లు జీలుగువి, తనే చెక్కేది. ముళ్ళు పాత పౌడరు డబ్బాలో నూనె గుడ్డలో చుట్టి ఉండేవి. గట్టు మీదనుంచి రాగానే, చేపలు కడగక ముందే దారం కడిగేది. రాళ్ళకి ఒరుసుకున్న చివరి జానెడూ కోసేసి, ముడి ఉమ్మితో తడిపి మళ్ళీ బిగించేది. "బాగుందనుకున్న చోటే తెగుద్ది. చూసి కొయ్యి" అనేది నాతో. నేను పరీక్షలకి చదివేటప్పుడూ ఆ మాటే అనేది. ఎందుకనేదో అప్పుడు అర్థమయ్యేది కాదు.

ఒక వేసవిలో లాకుల దగ్గర కాలువలు కట్టేశారు. నీళ్ళు లేవు, పనీ లేదు. మురుగు కాలువలో మడుగు మిగిలిన చోటికి ఆమె చాలా దూరం నడిచి వెళ్ళేది. అక్కడ ఒక ఆసామి మనిషి, మా గట్టు మీద కూర్చోడానికి నీకెవరు చెప్పేరని అడిగి, ఆమె కర్ర మోకాలికేసి విరిచేశాడు. అమ్మమ్మ రెండు ముక్కలూ ఇంటికి తెచ్చుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. కొస ముక్క కొలిచి చూసి, చిన్న కాలవకి ఇది చాల్లే అంది. మర్నాడు ఇంకో చోటికి వెళ్ళింది. ఆ సాయంత్రం మా ఇంట్లో మట్టగిడస పులుసు ఉంది.

ఏ రోజైనా పులుసులో చేప ముళ్ళు తీసి, అన్నంలో కలిపి, ముద్దలు చేసి మావయ్య ముందు పెట్టేది. అతను ఎదురుగా కూర్చుని ఆగేవాడు. "తినరా" అని ఆమె అనాలి. అంటేనే చెయ్యి కదిలేది.

ఇప్పుడు ఆ మాట అనడానికి ఆమె లేదు. అమ్మ అంది, నాన్న అన్నారు, నేనూ అన్నాను. ఎవరన్నా అతను వినలేదు. పక్కింటి అత్త గుడ్ల కూర తెచ్చింది, కంచం పక్కకి తోసేశాడు. కాసిని మంచినీళ్ళు తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు. అమ్మమ్మ పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. ఈ రోజు చావింటి వాళ్ళని ఓదార్చే ఆదరణ కూటానికి వచ్చిన పాస్టరు గారు అతని తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. అప్పుడూ అతను వీధి వైపే చూస్తున్నాడు. కర్ర చేతిలోనే ఉంది. నిద్రలోనూ వదలడం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. కూటం అయ్యాక అమ్మ దొడ్లో కూర్చుని, వీణ్ణి కూడా అమ్మ పక్కనే పెట్టాల్సొస్తాదేమో అని ఏడ్చింది.

మధ్యాహ్నం నేనతని పక్కన కూర్చున్నాను.

"మావయ్యా, ఆకలెయ్యట్లేదా?"

"ఏస్తంది."

"మరి తినొచ్చు గదా?"

"అమ్మ వచ్చాక."

అప్పుడు తట్టింది నాకు. అమ్మమ్మని ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి సమాధి చేసేదాకా, చూస్తే భయపడతాడని పెద్దలు అతన్ని పక్కింట్లో ఉంచి తలుపు గడియ పెట్టేరు. జాలితోనే చేశారు. కానీ అతను చివరిసారి చూసిన అమ్మ గట్టు మీద పడుకుని ఉంది. పడుకున్న మనిషి లేస్తుంది కదా. లేచి వచ్చి తినమంటుందని అతను కూర్చున్నాడు.

ఈ సంగతి చెప్పి, సమాధి దగ్గరికి తీసుకెళ్దామంటే అమ్మ ముందు ఒప్పుకోలేదు. "అది చూస్తే వాడు తట్టుకోలేడే" అంది. నాన్న "చూడకపోయినా తట్టుకోలేకపోతన్నాడు గదే" అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుని, సరే తీసుకెళ్ళు అంది.

రేపు పొద్దున్నే, ఊడ్పులకి జనం కదలకముందే, మావయ్య చెయ్యి పట్టుకుని సమాధుల తోటకి తీసుకెళ్తాను. కర్ర వదలమని అడగను. ఆ మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అతని అరచెయ్యి దాని మీద ఆనించి, అమ్మ ఇక్కడుంది మావయ్యా, ఇక లేవదు అని నేనే చెప్పాలి. ఆ తర్వాతే, ఆ కర్రతోనే ఇద్దరం గాలం వెయ్యడానికి కాలువకి.