మూడో టీ

విలేకరిగా తిరిగే రోజుల్లో నల్లమాడ బస్టాండు హోటల్లో ఆమెను చూసేవాణ్ని. ఎప్పుడూ మూడు టీలు చెప్పేది. తనకొకటి, భర్తకొకటి, పక్కన కూర్చున్న ఎవరికో ఒకటి. ఊరి తగాదాలు తీర్చిన పెద్దమనిషి ఆ భర్త. ఇప్పుడు పక్కవాళ్ల గ్లాసు లాక్కుని తాగేవాడు.

ఒకరోజు ఒక లారీ డ్రైవరు, తన టీ లాక్కున్నాడని ఆయన మీద చెయ్యెత్తాడు. ఆమె అడ్డమొచ్చింది.

“కొట్టాకు అన్నా. పొగరు కాదు, మెదడు జబ్బు. అందర్నీ గుర్తుపడతాడు. సిగ్గూ మొహమాటమే పోయినాయి.”

“అట్లయితే ఇంట్లో కట్టేసుకోమ్మా!”

“కట్టేసేకి ఎద్దనుకున్నావా? నలుగుర్లో బతికినోడప్పా. నలుగుర్లోనే ఉంటాడు.”

మరుసటి వారం మళ్లీ వచ్చింది. ఆయన్ను అదే బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కాయనకు ముందే చెప్పింది.

“అన్నా, నీ టీ ఈయన తాగేస్తాడు. నీకింగోటి వస్తాండాది.”