టేపు ఎప్పుడు సాగింది

బడిపిల్లల యూనిఫాంలు కుట్టడం తాతయ్య పని. నలభై ఏళ్లుగా అదే మిషను, అదే కిటికీ. ఆ పనిలో ఆయనకొక చాదస్తం ఉంది. ఎవరికి ఏది కుట్టినా అడుగున రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టేవాడు. "ఇవాళ్టి కొలత మీది, వచ్చే ఏడాది కొలత నాది," అనేవాడు తల్లులతో. ఏడాది తిరిగేసరికి ఆ తల్లులే వచ్చి మడత విప్పించుకు వెళ్లేవారు. అందుకే వీధిలో ఆయన పేరు రెండంగుళాల మాస్టారు. కత్తిరింపు బల్ల అందడానికి ఆయనే కాళ్ల కింద పీట వేసుకుంటాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు.

అలాంటి మాస్టారి ఇంట్లోనే, ఆయన టేపు లెక్కన, ఒక గౌను మడత విప్పే పని పడకుండా రెండేళ్లు గడిచాయి. అది కూతురి కూతురిది. పిల్లకి ఏడేళ్లు, ఇంట్లో అందరికీ జానెడు. తాతయ్య నెలనెలా దాన్ని గోడకి ఆనించి, మెడలో టేపు తీసి, ఒక కొస తన బొటనవేలి కింద తొక్కిపట్టి, రెండో కొస దాని నెత్తిదాకా బిగలాగి కొలిచేవాడు. ఆ అంకె కొలతల పుస్తకం చివరి పేజీలో ఎక్కేది. మొదట్లో గబగబా పెరిగిన అంకె, రానురాను మొండికేసి కూర్చుంది.

"మన వంశమే అంత కదా నాన్నా. నేను పొట్టిదాన్ని కానా?" అంది కూతురు.

"నీకప్పుడు మందు లేదు. దీనికి ఉంది."

ఆ పుస్తకం చంకన పెట్టుకుని పిల్లనీ కూతుర్నీ వెంటేసుకుని పెద్దాసుపత్రికి వెళ్లాడు. డాక్టరు ఆ పేజీ చూసి మురిసిపోయాడు. నెల తప్పకుండా పిల్ల ఎత్తు రాసి తెచ్చిన తాతని తన సర్వీసులో చూడలేదన్నాడు. రక్తపరీక్షలు చేయించాడు. అవి అటూ ఇటూ కాకుండా మధ్యలో వచ్చాయి. ఒక ఏడాది ఆగి చూడొచ్చు, లేదా ఎదుగుదల హార్మోను ఇంజెక్షన్లు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు అన్నాడు. మీ పుస్తకం చూస్తే మాత్రం ఎదుగుదల బాగా తగ్గినట్టుందన్నాడు. కూతురు ఆగుదామంది. తాతయ్య మొదలుపెట్టమన్నాడు. ఆ ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు.

సూది వేయడం నేర్పబోయిన నర్సుతో, "నాకు సూది పట్టడం నేర్పుతావా తల్లీ?" అన్నాడు. ఇంటికొచ్చి మొదటిరోజు గురి కుదరక రెండుసార్లు గుచ్చాడు. ఆ తర్వాత ఏడేళ్లు రోజూ సాయంత్రం, ఒకరోజు తొడకి, ఒకరోజు పొట్టకి, ఆయనే. ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన ఆ మందు ఉండేది. దాని జోలికి వెళ్తే అమ్మమ్మకి కూడా తిట్లే. జానెడు మొదట ఏడ్చేది, తర్వాత బేరాలాడేది.

"తాతయ్యా, ఇవాళ కాజా ఒక్కటి కుట్టు. గుండీ రేపు కుడదువుగాని."

మడతలు విప్పడం మొదలైంది. పద్నాలుగో ఏట మందు ఆపేసేసరికి అది వాళ్లమ్మని దాటింది, తాతయ్యని దాటింది. ఎవరొచ్చినా దాన్ని పిలిచి పక్కన నిలబెట్టుకుని చూపించేవాడు, తనే కుట్టినట్టు.

ఇప్పుడు దానికి ఇరవై మూడు. కళ్లజోళ్ల షాపులో పనిచేస్తోంది. పోయిన నెల ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. చిన్నప్పుడు ఆ ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లందర్నీ ఒక జాబితాలో చేరుస్తున్నారట. ఏడాదికోసారి వచ్చి బీపీ, రక్తం చూపించుకోవాలట.

"ఎందుకట?" అన్నాడు తాతయ్య.

"ఊరికే, చూడ్డానికి."

ఊరికే అన్న మాట తాతయ్యకి అస్సలు నచ్చలేదు. ఊరికే ఎవరూ గుడ్డ కూడా కొలవరు.

సరిగ్గా ఆ వారమే పాత గుడ్డటేపు మీద అంకెలు కనిపించక కొత్తది కొన్నాడు. ఊరికే రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు. ఒక చివర కలిపితే రెండో చివర పాతది అంగుళం ముందుకెళ్లిపోయింది. ఇరవై ఏళ్లు మెడలో వేలాడిన టేపు సాగిపోయింది. బట్టలకి ఏనాడూ తేడా రాలేదు. ఒళ్లు కొలిచిందీ, గుడ్డ కొలిచిందీ అదే కదా. కానీ సాగిన టేపుతో కొలిస్తే మనిషి పొట్టిగా కనిపిస్తాడు. పుస్తకంలో మొండికేసింది పిల్లా, టేపా?

మూడు రోజులు మిషను తొక్కలేదు. అన్నం దగ్గర కూర్చుని అంకెలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. టేపు మొత్తం ఆ రెండేళ్లలోనే సాగిందా, తర్వాత పదహారేళ్లలో కొంచెం కొంచెం సాగిందా? టేపుని అడిగితే చెప్పదు.

"బొటనవేలితో తొక్కి లాగితే సాగదూ మరి. నేనప్పుడే చెప్పాను, నీ బలం గుడ్డ మీద చూపించకని," అంది అమ్మమ్మ. తర్వాత ఆయన మొహం చూసి మజ్జిగ గ్లాసు దగ్గరికి జరిపింది.

ఆసుపత్రికి మనవరాలితో తనూ వెళ్లాడు. పాత డాక్టరు రిటైరయ్యాడు. కొత్తావిడ కూతురి వయసుది. తాతయ్య రెండు టేపులూ ఆవిడ బల్ల మీద పరిచి, తప్పు చేసిన పిల్లాడిలా అంతా చెప్పాడు.

"మీ పుస్తకం ఒక్కటే చూసి మొదలుపెట్టలేదు తాతగారూ. రక్తపరీక్ష కూడా ఉంది."

"అది మధ్యలో వచ్చింది కదమ్మా. టేపు సరిగ్గా ఉండుంటే?"

"ఏడాది ఆగేవాళ్లేమో. అయినా మొదలుపెట్టేవాళ్లేమో. ఇప్పుడు చెప్పలేం."

"పోనీ, దీనికేమీ కాదు కదా?"

ఆవిడ కుర్చీ ఆయన వైపు జరుపుకుంది. "ఇప్పటిదాకా చూసినంతలో చాలామంది బాగానే ఉన్నారు. మరీ భయపడాల్సిందేమీ తేలలేదు. కానీ పెద్దయ్యాక గుండెకీ, రక్తనాళాలకీ ఏమైనా తేడా వస్తుందా, గడ్డల్లాంటివి వస్తాయా అన్నది గట్టిగా చెప్పాలంటే వీళ్లందర్నీ ఇంకా చాలాకాలం చూస్తూ ఉండాలి."

"ఎంతకాలం?"

"ఇరవై, ముప్పై ఏళ్లు."

తాతయ్యకి డెబ్భై ఆరు. మనవరాలు ఆయన మోకాలు తట్టింది.

"ఏం తాతయ్యా, నన్ను విప్పి మళ్లీ కుడతావా ఏంటి?"

"విప్పడానికి దారం కనపడితే కదే."

"నేనేమైనా అడిగానా నిన్ను? హాయిగా పై అరలో డబ్బాలు అందుతున్నాయి నాకు."

"నువ్వు అడగలేదు. మీ అమ్మ ఆగమంది."

మనవరాలు బల్ల మీది రెండు టేపులూ చుట్టి సంచీలో వేసుకుంది.

బయట గదిలో నర్సు ఒక కాగితం ఇచ్చింది. మీరు ఇల్లు మారినా, నంబరు మారినా మీ సంగతి ఎవరికి ఫోన్ చేసి కనుక్కోవాలి అని అందులో ఒక గడి ఉంది. మనవరాలు వాళ్లమ్మ పేరు రాయబోయింది.

"నాది రాయి," అన్నాడు తాతయ్య.

"ముప్పై ఏళ్లు అడుగుతారు తాతయ్యా."

"అడగనీ. రాయి. ఇచ్చింది నేను."

అది ఆయన పేరు గుండ్రంగా రాసి, వయసూ, ఆయన కుట్టుషాపు నంబరూ వేసింది. నర్సు కాగితం తీసుకుని చదివింది, ముందు ఆయన వయసు చూసి, తర్వాత ఆయన మొహం చూసింది.

"దీని కింద ఇంకొకరి పేరు కూడా రాయండమ్మా," అంది మెల్లిగా.

మనవరాలు రాస్తున్నంతసేపూ తాతయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.