వాచ్‌మన్ చూపించిన మ్యాపు

భయపడ్డ సంగతి రాయడానికి కూడా భయమేస్తోంది. అయినా రాస్తాను, రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పటమటలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నేను సెక్రటరీని. మా వాచ్‌మన్ నేపాల్ మనిషి. భార్యతో, మూడేళ్ళ కూతురితో లిఫ్టు పక్క గదిలో ఉండేవాడు. ప్రెసిడెంటు గారు రిటైరైన ఇంజనీరు. ఆయనకూ అతనికీ భలే కుదిరింది. పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేయించుకుని ఆయన, "దేశమన్నాక ఒక ధర్మం, ఒక పద్ధతి ఉండాలయ్యా" అంటే, అతను "అవును సార్, మాకు రాజు మళ్ళీ రావాలి, మాది మళ్ళీ హిందూ దేశం కావాలి" అనేవాడు. "చూశారా అమ్మా, మన మనిషే" అని ఆయన నాతో మురిసిపోయేవారు. పాత పద్ధతులు కావాలనేవాళ్ళు ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటారని నేనూ అనుకున్నాను. నా మట్టిబుర్రకి అంతకన్నా ఏం తడుతుంది.

మొన్న ఆగస్టులో జెండా వందనానికి ఆయనే అతన్ని ముందుకు పిలిచి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నేను ఫోన్లో వీడియో తీస్తున్నాను. ఆవు గురించి, గుడి గురించి, రాజు గురించి చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు సంతోషం పట్టలేక, "ఇంకేం, మీరూ మేమూ ఒకటే. మాలో కలిసిపోండయ్యా" అన్నారు.

అతను నవ్వలేదు. "లేదు సార్. రాజు ఉంటే మీ పెత్తనం మా మీద సాగేది కాదు. మా భూమి కొంత మీ దగ్గర ఉంది. అది మాకు తిరిగి రావాలి" అంటూ జేబులోంచి ఫోను తీసి, మన వైపు భూమిని కూడా కలిపి గీసిన వాళ్ళ దేశం మ్యాపు చూపించాడు. వాళ్ళ దేశంలో పాతకాలం కోరేవాడికి మనమే పరాయివాళ్ళమని అప్పటిదాకా నాకు తెలియదు. ప్రెసిడెంటు గారి మొహం మాడిపోయింది. పిల్లలకు చాక్లెట్లు పంచేసి అందరూ పైకి వెళ్ళిపోయారు.

ఇక నేను చేసిన వెధవ పని. ఫొటోలతో పాటు ఆ వీడియో కూడా అలవాటుకొద్దీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. తీసేసేలోపే అది ఎవరి ఫోన్లోంచో బయటికి పోయింది.

ఆ మధ్యాహ్నమే గేటు ముందు నాలుగు బైకులు ఆగాయి. ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళు. "వాచ్‌మన్ లేడాండీ?" అని చాలా మర్యాదగా అడిగారు. ఆ మర్యాదకే నాకు భయమేసింది. "ఊరెళ్ళాడు బాబూ" అన్నాను. అప్పుడే గదిలో పాప ఏడ్చింది. వాళ్ళు అటు చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "సాయంత్రం వస్తాం లెండి" అని వెళ్ళారు.

వెంటనే ప్రెసిడెంటు గారికి ఫోన్ చేశాను. "అతని కాగితాలన్నీ చూసే పనిలో పెట్టుకున్నారా మీరు? ఆ వీడియో మీ నంబరు నుంచి వెళ్ళింది, చూసుకోండి మరి" అన్నారు. అంతవరకూ అతనికేమవుతుందోనని భయపడ్డాను. ఆ తర్వాత నాకేమవుతుందోనని భయపడ్డాను.

గది తలుపు కొట్టి, "మీ మంచికే చెప్తున్నాను, ఇప్పుడే బయల్దేరండి" అన్నాను. అతను బట్టలు సంచిలో కుక్కుతూ, "సార్ రోజూ మీ దేశం గురించి చెప్పేదే కదా మేడమ్, నేను మా దేశం గురించి చెప్పాను. తప్పేంటి?" అన్నాడు. తప్పు లేదని నాకు తెలుసు. గేటు అవతల ఎవరైనా వింటారేమోనని ఆ ముక్క పైకి అనలేదు.

వాళ్ళ ఆటో మలుపు తిరగకముందే, 'వాచ్‌మన్‌ని తీసేశాం' అని గ్రూపులో నేనే పెట్టాను. ప్రెసిడెంటు గారు వెంటనే దండం బొమ్మ పెట్టారు. సాయంత్రం ఎవరూ రాలేదు.