నేను వేయని రెండో కరపత్రం

మా రెఫరీ సారు పోయారు. రెండు వారాల కిందట సోమవారం పొద్దున చెప్పులేసుకుని బయటికి వెళ్లబోతూ గడప దగ్గరే కూలబడ్డారట. బాన్సువాడ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ కబురు మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ ఫోన్ చేసి చెప్పాడు. "సారు ఇగ లేడురా" అన్నాడు. ఇద్దరికీ ఒకటే మ్యాచ్ గుర్తొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

ఎరగనివారి కోసం చెబుతున్నాను. ఆయన పిట్లం దారిలోని ఒక తండాలో పుట్టారు. సర్కారు బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాక బాన్సువాడలో ఉండిపోయారు. ఈ చుట్టుపక్కల కాలేజీల మధ్య ఫుట్‌బాల్ పోటీ ఎక్కడ జరిగినా ఈల ఆయన నోట్లోనే ఉండేది. జీతం కోసం చేసే పని కాదది. అది లేకపోతే ఆయనకు పొద్దు పోయేది కాదు.

మ్యాచ్‌కు గంట ముందే వచ్చేవారు. చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో గ్రౌండంతా ఒకసారి నడిచేవారు. దొరికిన రాళ్లను రుమాలులో మూట కట్టుకుని బయట పారేసేవారు. "బూట్లేసుకుని నడిస్తే గ్రౌండ్ ఏం చెప్తది బిడ్డా" అనేవారు. ఏ జట్టు ఇచ్చినా టీ ముట్టేవారు కాదు. తన స్టీలు బాటిల్‌లో నీళ్లే తాగేవారు. గీత పక్కన కూర్చున్న మేం ఊరుకుంటామా?

"సార్, కండ్లద్దాలు ఇంట్లనే మరిచినవా ఏంది?"

"మరిస్తే నిన్నెట్ల గుర్తుపడుదును? పొద్దున క్లాసు ఎగ్గొట్టి గీడనే పండుకున్నవ్ గదా."

అందరం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు. అప్పటికే పది గజాలు ఉరికి ఉండేవారు.

ఆటయిపోయాక ఆయన చేసే పని ఇంకే రెఫరీ చేయగా నేను చూడలేదు. గెలిచినవాళ్ల వైపు వెళ్లేవారు కాదు. ఓడిన జట్టు అభిమానులు ఎక్కడున్నారో చూసుకుని, తిన్నగా వాళ్ల మధ్యకొచ్చి నేలమీద కూర్చునేవారు. నీళ్లు తాగి, మూత బిగించి, "ఇగ తిట్టుండ్రి" అనేవారు. తిట్లు అయిపోయేదాకా లేచేవారు కాదు. ఎందుకు సార్ ఈ ఖర్మ అని ఒకసారి అడిగాను. "గెలిచినోళ్లకు రెఫరీ యాదికుండడు. నా పని ఓడినోళ్ల దగ్గరనే ఉంటది" అన్నారు.

రెండేళ్ల కిందట, వరి కోతల రోజుల్లో, కాలేజీల పోటీ ఫైనల్ మా గ్రౌండ్‌లో పడింది. కోతలప్పుడు మా గ్రౌండ్ గ్రౌండ్ కాదు, కల్లం. చుట్టుపక్కల రైతులు అక్కడ వడ్లు ఆరబోసుకుంటారు. ఎవరి జాగా ఎక్కడిదాకానో తెలియడానికి సున్నంతో గీతలు గీసుకుంటారు. ప్రిన్సిపాల్ బతిమాలితే ఆ ఒక్కరోజుకు వడ్లు కుప్ప చేసి పక్కకు జరిపారు. ఆట గీతలు కొత్తగా గీశారు. రైతుల గీతలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఆట సమంగా ముగిసింది. పెనాల్టీ తన్నులు మొదలయ్యాయి. నాకు ఆ పద్ధతంటేనే మంట. పదకొండుమంది చెమటోడ్చి ఆడిన ఆటను చివరికి ఒక్కడి కాలికి కట్టబెట్టి, తప్పితే వాణ్ణి జీవితాంతం దోషిగా నిలబెట్టడం ఏం న్యాయం? సారుకూ అదంటే ఇష్టం లేదు. "పెనాల్టీలంటే గెలుపు తేలుడు గాదు బిడ్డా. పొద్దుగూకింది, ఇండ్లకు పోండ్రని చెప్పుడు" అనేవారు.

నాలుగో తన్ను వరకూ రెండు జట్లూ సమానం. మావాడు ఐదోది కొట్టేశాడు. అవతలి జట్టు ఐదో తన్నుకు వాళ్ల కెప్టెన్ వచ్చాడు. మా గోల్‌కీపర్ దాన్ని ఆపేశాడు. మేం గెలిచేశాం. గ్రౌండ్‌లోకి ఉరికాం, వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాం. అప్పుడు వినబడింది ఈల. బంతి తన్నకముందే గోల్‌కీపర్ గీత దాటి ముందుకొచ్చాడు, మళ్లీ తన్నాలి. మమ్మల్ని బయటికి పంపి, మావాణ్ణి భుజాల మీది నుంచి దింపి, మళ్లీ నిలబెట్టారు. ఈసారి కెప్టెన్ కొట్టేశాడు. తర్వాతి తన్ను మావాడు గోల్ పైనుంచి తన్నాడు, వాళ్లు కొట్టారు. అయిపోయింది.

సారు ఎప్పటిలాగే వచ్చి మా మధ్య కూర్చున్నారు. అప్పటికే నా చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో మా క్లాసువాడు పక్కనుంచి తీసిన ఫొటో ఉంది. కెప్టెన్ కాలు బంతికి తగిలే క్షణం. మా గోల్‌కీపర్ పాదం తెల్లటి గీత మీద స్పష్టంగా ఉంది.

"ఇదేంది సార్ మరి? కాలు గీత మీద లేదా?"

ఆయన ఫోన్ తీసుకుని చాలాసేపు చూశారు. "గిది గోల్ గీత గాదు బిడ్డా. రైతులు గీసుకున్నది. రేపు పొద్దుగాల రా, ఇద్దరం కలిసి చూద్దాం."

"రేపటికల్లా గీత జరుపుతరా సార్?" అన్నాను. మావాళ్లు ఈలలేశారు. ఆయన ఇంకాసేపు కూర్చుని లేచి వెళ్లారు.

మర్నాడు ఆయన వచ్చారట. నేను పోలేదు. తెల్లవారుతూనే రైతులు వడ్లు మళ్లీ పరిచేశారు, రెండు గీతలూ వాటి కిందికి వెళ్లిపోయాయి. ఆయన కొంతసేపు ఆ వడ్ల పక్కన నిలబడి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది.

ఆ పొద్దున నేను బస్టాండ్‌లో కరపత్రాలు పంచుతున్నాను. కరపత్రాలే చదివి పెరిగినవాణ్ణి నేను. బస్టాండ్‌లో, టీ కొట్ల దగ్గర ఎవరు ఏది చేతిలో పెట్టినా దాచుకుని చదివాను. అన్యాయం కనబడితే కాగితం మీద పెట్టి జనం చేతికివ్వాలని వాటి నుంచే నేర్చుకున్నాను. "సమష్టి శ్రమను ఒక్క ఈలతో దోచుకున్నారు" అని మొదలుపెట్టి, ఫొటో వేసి, చివరికి ఇలా రాశాను: "అవతలి జట్టు కెప్టెన్‌ది, రెఫరీది ఒకటే తండా. ఇంకా విడమరిచి చెప్పాలా?"

మనుషులందరూ సమానమని చెప్పే కాగితాలు చదివినవాణ్ణి. ఆ వాక్యం రాసేటప్పుడు నా చేయి ఆగలేదు. బస్టాండ్‌లో అందరూ గట్టిగా చదివింది ఆ వాక్యాన్నే, నా భుజం తట్టిందీ దానికే. ఆ ఏడు మిగిలిన పోటీలకు ఆయన్ని పిలవలేదు. గొడవెందుకని అనుకున్నారు. తర్వాతి ఏడూ పిలవలేదు.

పదిహేను రోజులకు వడ్లు ఎత్తారు. గోల్‌కీపర్ నన్ను చేయి పట్టుకుని గ్రౌండ్‌కు లాక్కుపోయాడు. పోస్టుల మధ్య ఒక గీత, దానికి అడుగున్నర ముందు ఇంకో గీత. ఫొటో పక్కన పెట్టి చూశాం. ఫొటోలో మావాడి మడమ వెనక, మట్టిలో కలిసిపోయినట్టుగా, అసలు గీత సన్నగా కనబడుతూనే ఉంది. కళ్ల ముందే ఉన్నా మేం చూడలేదు.

"నేను రైతుల గీత మీదున్నరా" అన్నాడు వాడు. "సారు చెప్పిందే కరెక్టు."

సారు ఇంటికి వెళ్లాను. లోపలికి పిలిచి కుర్చీ వేశారు. ఆటల నియమాల పుస్తకం ఉండే ప్లాస్టిక్ కవర్‌లోంచి నా కరపత్రం తీశారు. అందులో రెండుచోట్ల పెన్నుతో గీసి ఉంది.

"ఫొటో కాడ చూడు. నీకు తెల్వనిది ఒకటున్నది. మ్యాచ్ ముందు నడిచినప్పుడు గా రైతుల గీత నేను చూసిన. దాని మీద మన్ను పోయించాల్సి ఉండె. లేటయితుందని అందరు తొందర పెడితే ఊకున్న. అది నా తప్పు. రాస్తే గది రాయాలె. నీ కాయితంల అదొక్కటే లేదు."

రెండోచోట గీసింది చివరి వాక్యం కింద. దాని గురించి ఆయన ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

వారం తర్వాత రెండో కరపత్రం రాసుకుని పోయాను. రెండు పేజీలు. గీతల సంగతి, మా తప్పు, ఆయన ఒప్పుకున్న తప్పు, పెనాల్టీల పద్ధతి మీద నా అభిప్రాయం, అన్నీ ఉన్నాయి. ఆయన నెమ్మదిగా చదివారు.

"మంచిగ రాసినవ్ లీడర్." నన్నలాగే పిలిచేవారు. "తండా సంగతేది?"

"అది జనం అనుకునే మాట సార్. నేను కాయితం మీద పెట్టిన, అంతే."

"జనమెవ్వరు నా ముఖం మీద అనలె. నువ్వన్నవ్. ఈల తప్పంటే నన్నొక్కన్ని అన్నట్టు, దానికి నేను కూసుని వింట. తండా అంటే నా ఎనుక ఎంతమందిని గుంజినవో ఎరికేనా?"

ఆయన గొంతు పెంచలేదు. నేనే పెంచాను. రెండు పేజీలు రాసుకొస్తే ఒక్క ముక్క పట్టుకుంటారేంది అన్నాను. మీ పేరు కోసమే కదా ఇదంతా అన్నాను. కాగితాలు లాక్కుని లేచి వచ్చేశాను. ఆ ఒక్క వాక్యం చేర్చడానికి ఒక్క నిమిషం పట్టదు. ఆ నిమిషం నాకు దాదాపు రెండేళ్లు దొరకలేదు. గీత విషయంలో పొరబడ్డానని రాయడం సులువే, ఎవరైనా పొరబడతారు. ఆ వాక్యం వెనక్కి తీసుకోవాలంటే, నేను చదివిన కాగితాలేవీ నాలోపలికి పోలేదని ఒప్పుకోవాలి.

తర్వాత కూరగాయల మార్కెట్‌లో ఎన్నోసార్లు ఎదురుపడ్డారు. ప్రతిసారీ "ఏంది లీడర్, తిన్నవా?" అనే అడిగేవారు. రాశావా అని ఒక్కసారీ అడగలేదు. సాయంత్రాలు తండాకు పోయి పిల్లలతో ఆడిస్తున్నారని విన్నాను. చూడ్డానికి వెళ్లలేదు.

తండాలో ఆయన్ని సాగనంపిన రోజు అవతలి జట్టు కెప్టెన్ కనబడ్డాడు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఏదో ఆఫీసులో చేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, తనే పక్కకొచ్చి నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తోచక, పెనాల్టీ బాగా కొట్టినవ్ తమ్ముడూ అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట ఆ రోజు ఎవరూ అని ఉండరు.

"ఫస్టాఫ్‌ల సారు నాకు పసుపు కార్డు చూపిచ్చిండు. యాదున్నదా అన్నా?"

గుర్తుంది. అప్పుడు నేనే లేచి చప్పట్లు కొట్టాను. కరపత్రంలో మాత్రం దాన్ని రాయలేదు.

"నీ కాయితం వచ్చినంక మా కాలేజీల గూడ అన్నరు, మీ సారే గెలిపిచ్చిండు గదరా అని. మా అమ్మకు చదువు రాదు. బస్టాండ్ల ఎవరో చదివి వినిపిచ్చిండ్రు. నిజమేనారా అని నన్నడిగింది." అతను సారు పుట్టిన ఇంటి వైపు చూస్తూ మాట్లాడుతున్నాడు. "గా గోల్ నేను కొట్టిన అన్నా. కుడి మూలకు కొట్టిన. నాకు ఎవ్వరియ్యలే."

ఒక్క వాక్యంతో ఒక మనిషి నిజాయితీనే తీసేశాననుకున్నాను ఇన్నాళ్లూ. ఇంకొకడి గోల్ కూడా తీసుకున్నానని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. దినాల నాడు వచ్చి నాలుగు మాటలు చదవొచ్చా అని అడిగాను.

"తెలుగుల చదివితే ముసలోళ్లకు సగం సమజ్ కాదు. నువ్వు చదువు, నేను మా మాటల చెప్త."

దినాల నాడు తండాలో సారు పుట్టిన ఇంటి ముందు టెంటు వేశారు. గోల్‌కీపరూ నేనూ వెళ్లాం. రెండు పేజీలు పక్కనపెట్టి, అర పేజీ రాసుకుపోయాను. గీత మాకు కనబడలేదని చదివాను. కెప్టెన్ నా పక్కన నిలబడి వాళ్ల భాషలో చెప్పాడు. రైతుల గీతను చెరిపించకపోవడం తన తప్పని సారే ఒప్పుకున్నారని చదివాను. అదీ చెప్పాడు. తర్వాత ఇది చదివాను: "తండా ఒకటైనందుకే రెఫరీ గెలిపించాడని జనం అనుకునేలా రాశాను. అది అబద్ధం. సారు చూసింది చూసినట్టు చెప్పారు. కెప్టెన్ తన గోల్ తనే కొట్టాడు. నేను ఇద్దరినీ, ఈ తండానూ అవమానించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను." మీరంతా చదువుతున్న ఈ చోట కూడా అదే మాట మళ్లీ రాస్తున్నాను. నా మొదటి కరపత్రం ఎవరి దగ్గరైనా ఉంటే, దీన్ని దానికి జత చేయండి.

కెప్టెన్ ఈసారి వెంటనే చెప్పలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. టెంటు కింద కొందరు తలలు తిప్పి నన్ను చూశారు. ముందు వరసలో సారు అక్క కూర్చుని ఉంది, బాగా పెద్దావిడ. చెవి దగ్గర చేయి పెట్టుకుని అతన్ని ఏదో అడిగింది.

"వినపడలేదంట. ఇంకోసారి చెప్పమంటుంది" అన్నాడు.

నేను కాగితం పైకెత్తాను. "నువ్వు గాదన్నా, నేను చెప్త" అని అతను వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెవికి నోరు ఆనించి, ఒక్కో మాటా ఆగి ఆగి మళ్లీ చెప్పాడు. ఆ భాష నాకు రాదు. ఎక్కడిదాకా వచ్చాడో తెలియలేదు. గోల్ మాట దగ్గర కాబోలు, తన గుండె మీద చేయి పెట్టుకున్నాడు. ఆమె అతని తల మీద చేయి వేసి, కళ్లు మాత్రం నా మీదనే ఉంచి, చివరిదాకా విన్నది.