చెయ్యి ఆనించకుండా

గుడివాడ స్టేషన్లో బందరు బండి కోసం కూర్చున్నాను. బెంచీ పక్కన నేలమీద గొంతుక్కూర్చున్న ఒక పెద్దాయన, చెయ్యి ఎక్కడా ఆనించకుండా చివాలున లేచారు. అప్పటికి నేను ముప్ఫై అయిదేళ్ల గుమాస్తాని. మోకాళ్లు పట్టుకోనిదే లేవలేకపోయేవాణ్ణి.

"మీ వయసెంతండీ?" అన్నాను, నోరెళ్లబెట్టి.

"డెబ్బై దాటాయి బాబూ. దివిసీమలో టపా సంచి మోసేవాణ్ణి. రోజూ పన్నెండు మైళ్లు నడక. రిటైరై ఆరు నెలలు కూర్చునేసరికి తొడలు చీపురుపుల్లలయ్యాయి. లేవాలంటే కోడలు చెయ్యందివ్వాల్సొచ్చింది. సిగ్గేసి మళ్లీ ఆ దారే పట్టాను."

"సంచి లేకుండానా?"

"లేకుండానే. సంచి లేదని చూస్తూ కూడా, దారిలో ఒకావిడ ఉత్తరముందా అని రోజూ అడుగుతుంది. రేపు చూద్దాంలే అమ్మా అంటాను. అన్నాక, వెళ్లక చస్తానా?"

బండి కూత వినిపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని లేవబోయి, బెంచీమీద కూలబడ్డాను. ఆయన నవ్వలేదు.

"ఇంకోసారి బాబూ," అన్నారు.

ఇప్పుడు నాకు డెబ్బై మూడు. ఇవాళ పొద్దున కుర్చీలోంచి, చేతులు ఒళ్లోనే ఉంచి, మూడోసారికి లేచాను.